నూట పన్నెండో పాట

పోయిన వారం బైండరమ్మను బైండింగు షాపు వెనకగదిలో, చాప మీద వెల్లకిలా, రెండు కాళ్ళూ గోడకు ఆనించి ఉండగా వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అలాగే ఉంది. దించుదాం.

దించే ముందు రెండు ముక్కలు. రెండేళ్ళ క్రితం అటక మీంచి కాగితం కట్ట జారి నడుం మీద పడితే ఆవిడ ఆరు నెలలు మంచం దిగలేదు. డాక్టర్లు మాత్రలిచ్చారు, బంధువులు సలహాలిచ్చారు, నిలబెట్టింది మాత్రం నాలుగు వీధుల అవతల ఉండే ఆసనాల టీచరమ్మ. ఆ టీచరమ్మ ఏ దేవుడి పేరూ ఎత్తదు. ఆవిడ ఎత్తమనేది కాళ్ళే. అయినా సంగతి బైండరమ్మ అన్నయ్య చెవిన పడింది. అన్నయ్య అంటే మామూలు అన్నయ్య కాడు, మందిరానికి సంఘ పెద్ద. "ఆ విద్య మానేదాకా నువ్వు పాటల వరసలో నిలబడకూడదు" అని పోయిన ఆరాధన రోజున అందరి ముందూ చెప్పేశాడు. ఆవిడ మానలేదు. మానితే నడుం ఊరుకోదు. అందుకని ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి, మొగుడు తప్ప వాళ్ళవాళ్ళంతా మందిరంలో ఉన్న పూట, బైండరమ్మ కాళ్ళు పైకెత్తుకుని ఇంటి దగ్గర ఉండిపోయింది. సరిగ్గా అప్పుడే ముందుగది షట్టరు లేచిన చప్పుడయింది.

షట్టరు సగం లేచి ఆగింది. దానికది అలవాటే. సగం దగ్గర మొరాయిస్తుంది, కింద కుడిమూల ఒక తన్ను తంతే తప్ప పైకి పోదు. ఆ కిటుకు ఇంటివాళ్ళకే తెలుసు. వచ్చినవాడు తన్నాడు. ఓహో, అన్నయ్యే అనుకుంది బైండరమ్మ, కాళ్ళు దించకుండానే.

ఆరాధనకు వేసుకునే తెల్లచొక్కా, గొంతు దాకా బొత్తాలు, చేతిలో పాటల పుస్తకం. ఆ పుస్తకాన్ని చచ్చిన ఎలుకను తోక పట్టుకున్నట్టు ఒక మూల పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు అన్నయ్య. వెనకాల మందిరం తాళాలాయన.

"షట్టరు దించు," అన్నాడు అన్నయ్య. తాళాలాయన పరుగున వెళ్ళి సగం దాకా దించాడు. మిగతా సగం మొరాయించింది.

"లే."

"లేస్తున్నా అన్నయ్యా. గబుక్కున లేవకూడదు, ముందు పక్కకి తిరిగి..."

ఆవిడ పక్కకి తిరిగేలోపే అన్నయ్య పుస్తకం బల్ల మీద పడేసి, రెండు చీలమండలూ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. చాపతో సహా గది మధ్యకు వచ్చిపడింది. తల నేలకు కొట్టుకుని కళ్ళముందు నల్లగా ఒక తెర దిగి, మళ్ళీ నిదానంగా లేచింది. రెండేళ్ళుగా పూస పూసగా పేర్చుకున్న నడుం ఒక్కసారి కలుక్కుమంది.

"ఏమయింది? ఎవరికేమయింది?" అంది గోడ పట్టుకుని లేస్తూ.

అన్నయ్య బల్ల మీది పుస్తకం కేసి వేలు చూపించాడు. తాళాలాయన అందుకున్నాడు. మందిరం తాళాలన్నీ ఆయన మొలకే వేలాడుతుంటాయి గానీ, నోటికి మాత్రం తాళం లేదు.

"ఏం చెప్పమంటారమ్మా! పెద్దాయన తన పుస్తకం ఇంట్లో మర్చిపోయారు. వేదిక ఎక్కుతూ ముందు బెంచీలో ఉన్న అమ్మగారి, అదే మీ వదినగారి, చేతిలో పుస్తకం తీసుకున్నారు. నూట పన్నెండో పాట, అందరూ లేవండి అన్నారు. రెండొందల మందిమి లేచాం. మొదటి రెండు లైన్లూ ఆయన చదవడం, తర్వాత మేం ఎత్తుకోవడం మీకు తెలిసిందేగా. కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదివారమ్మా..."

"చదివి?"

"'వెల్లకిలా పడుకొని రెండు కాళ్ళనూ నెమ్మదిగా పైకెత్తవలెను. శ్వాస బిగపట్టరాదు.' అని చదివారమ్మా. మైకులో."

తాళాలాయన అక్కడితో ఆగలేదు.

"మూడో వరసలో చెవిటి తాత లేడూ, ఆయన పాటే అనుకుని 'బిగపట్టరాదూ...' అని రాగం కూడా తీశాడమ్మా."

బైండరమ్మ చాలా ప్రయత్నించింది. పెదవి కొరుక్కుంది, గోడకేసి చూసింది, చచ్చిపోయిన అమ్మను తలచుకుంది. లాభం లేకపోయింది. పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చి ముక్కులోంచి బయటపడింది.

దెబ్బ ఎటునుంచి వచ్చిందో చూడలేదు. అన్నయ్య చెయ్యి తిరగేసి కొట్టాడు. పెదవి పంటికి తగిలి చీలి, నవ్వూ రక్తమూ ఒకేసారి గడ్డం మీదికి కారాయి.

"నవ్వు. అక్కడ పిల్లలు కూడా నవ్వారు. నా మందిరంలో, నా ముఖం మీద!"

ఆ చప్పుడుకు పెరట్లోంచి జిగురు కుంచె పట్టుకుని బైండరమ్మ మొగుడొచ్చాడు. ఆయన్ని అందరూ 'చూద్దాం' అనే పిలుస్తారు. ఏం అడిగినా ఆయన ఇచ్చే జవాబు అదొక్కటే. పెళ్ళిరోజున ఈ పిల్లను ఏలుకుంటావా అని అడిగితే కూడా అదే అన్నాడని గిట్టనివాళ్ళు చెప్పుకుంటారు. గిట్టినవాళ్ళు అది నిజమేనంటారు.

"బావా, కూర్చో బావా. ముందు కూర్చుంటే, ఏం పొరపాటు జరిగిందో చూద్..."

మాట పూర్తికాకుండానే అన్నయ్య ఆయన గుండెల మీద రెండు చేతులూ వేసి తోశాడు. చూద్దాం వెనక్కి తూలి, కటింగ్ మిషను ఇనపమూలకు తల కొట్టుకుని కింద పడ్డాడు. కనుబొమ్మ పైన తెగిన చోటునుంచి రక్తం సన్నగా దారపుపోగులా దిగి, చేతిలోని జిగురు కుంచె మీదే పడింది. ఆయన ఆ కుంచెకేసి, ఇక ఇది పనికిరాదే అన్నట్టు చూశాడు.

ఈలోపు బైండరమ్మ బుర్ర పనిచేయడం మొదలెట్టింది. వదిన పాటల పుస్తకం వెన్ను విరిగితే పోయిన నెలలో ఈ షాపులోనే విప్పి మళ్ళీ బైండు చేశారు. టీచరమ్మ అచ్చు వేయించుకున్న ఆసనాల పుస్తకం కూడా ఆ వారమే బల్ల మీద ఉంది. పుస్తకాలు పేజీలుగా పుట్టవు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చవుతాయి, దాన్ని మడిస్తే ఒక ఫారం. అలాంటి ఫారాలు వరసగా పేర్చి, దారంతో కుడితే పుస్తకం. ఒక పుస్తకం ఫారం ఇంకో పుస్తకంలోకి దూరడం బైండింగు షాపులో జరగరానిదే గానీ జరగనిది కాదు.

"అన్నయ్యా, ఫారం మారి ఉంటుంది. రెండు పుస్తకాలూ పక్కపక్కనే ఉన్నాయి. తప్పు మాదే. నేనే మందిరానికొచ్చి అందరికీ చెప్తాను."

"ఫారం మారిందా? నాన్న చేతికింద పదేళ్ళు పనిచేసినదానివి. కళ్ళు మూసుకుని వెన్ను తడిమి ఏ ఫారం తప్పిందో చెప్పేదానివి. ఎవరికి చెప్తావ్ ఈ కబుర్లు? సరిగ్గా మా ఆవిడ పుస్తకంలోనే మారిందా? నువ్వు చెడింది చాలక దాన్ని కూడా లాగడానికి ఎర వేశావు."

"వదినేమంది?"

"అదేమంటుంది! రెండొందల మంది ముందు అడిగితే తల వంచుకుని నేల చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది." గోడ గడియారం వైపు చెయ్యి చూపించాడు. "పన్నెండుకి రెండో ఆరాధన. వచ్చి వేదిక ముందు నిలబడు. ఇది కావాలనే కుట్టాను, నేను చేసే విద్య అన్యదేవతల సేవ, ఇవాళ్టితో వదిలేశాను అని చెప్పు. చెప్పకపోతే సంఘం పుస్తకంలో నీ పేరు కొట్టేస్తా. నాన్న చేత్తో రాసిన పేరు, నా చేత్తో కొట్టేస్తా. నువ్వు చస్తే నీ మీద పాట పాడే నోరుండదు."

ఆ దెబ్బ చెంపదెబ్బ కన్నా లోతుగా తగిలింది. సంఘం పుస్తకం నాన్న బైండు చేసిందే. తోలు అట్ట, లోపల పాలరాతి నమూనా కాగితం. తను పుట్టిన రోజున నాన్న జిగురు వేళ్ళతోనే వెళ్ళి పేరు రాస్తే, ఆ పేజీ మీద ఆయన బొటనవేలి మరక ఇప్పటికీ ఉంది. బైండరమ్మకు ఆస్తి అంటూ ఏదైనా ఉంటే ఆ మరకా, పాటల వరసలో ఎడమనుంచి మూడో చోటూ.

"పొరపాటుకి క్షమాపణ చెప్తాను," అంది పెదవి తుడుచుకుంటూ. "పాపమని మాత్రం చెప్పలేను. నడుం వంచడం పాపమెలా అవుతుందన్నయ్యా? మనం మోకాళ్ళ మీద పడి నుదురు నేలకి ఆనించట్లేదూ? అదే వంపు. నీ దగ్గర వంగితే భక్తి, టీచరమ్మ దగ్గర వంగితే దయ్యమా?"

"వంపు కాదే చూడాల్సింది. ఎవరికి వంగుతున్నావో చూడాలి." అన్నయ్య గొంతు తగ్గింది. ప్రసంగం చేసేటప్పుడు అలాగే తగ్గిస్తాడు. "ఆ విద్య నడుంనొప్పి కోసం పుట్టిందనుకుంటున్నావా? వాళ్ళ దేవుణ్ణి చేరడానికి వాళ్ళు వేసుకున్న దారి అది. ఒక్కో ఆసనం ఒక్కో మెట్టు. నేను మెట్లు మాత్రమే ఎక్కుతాను, మేడ మీదికి పోను అంటే కుదురుతుందా? దారి వాళ్ళది, కాళ్ళు నీవి. ఎక్కడ తేలతావ్?"

ఆ మాటలో పస లేకపోలేదు. అన్నయ్య మూర్ఖుడైతే బైండరమ్మకు ఎంతో సుఖంగా ఉండేది.

"సూర్యుడికి దండం అన్నచోట నేను గోడకి తిరుగుతాను," అంది. "మంత్రం అన్నచోట మన ప్రార్థన చెప్పుకుంటాను. టీచరమ్మ ఏమీ అనదు."

"మరి చివర్లో శవంలా పడుకుంటారటగా. కళ్ళు మూసుకుని, మనసు ఖాళీ చేసుకుని. అప్పుడు నీ లోపల ఎవరుంటారు? నిజం చెప్పు. నాన్న మీద ఒట్టేసి చెప్పు."

అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. మన దేవుడే ఉంటాడన్నయ్యా అని ఉంటే, కథ ఈ వారం రెండు పేజీల ముందే ఆగిపోయేది. కానీ నాన్న పేరెత్తాడు.

"ఒకరోజు ఎవరూ లేరు," అంది నెమ్మదిగా. "నేనూ లేను. దేవుడూ లేడు. ఊపిరి వస్తోంది, పోతోంది, అంతే. అప్పుడు భయం వెయ్యలేదు. ఇంటికొచ్చాక వేసింది."

ఈ మాట ఆవిడ మొగుడికి కూడా ఎప్పుడూ చెప్పలేదు. కింద కూర్చున్న చూద్దాం తలెత్తి పెళ్ళాం కేసి చూశాడు.

అన్నయ్య ముఖం తెల్లగా పాలిపోయింది. గెలిచినవాడి ముఖం కాదది. బావి గట్టున ఆడుకుంటున్న చెల్లెల్ని చూసినవాడి ముఖం. ఆయన చెయ్యి ఎత్తినప్పుడల్లా ముందు అలాగే భయపడతాడని, ఆ భయమే తర్వాత చేతుల్లోకి దిగుతుందని, చిన్నప్పట్నుంచీ బైండరమ్మకు తెలుసు.

"చూశావా," అన్నాడు. "చూశావా! ఖాళీ ఇంట్లోకి ఎవడైనా వస్తాడే పిచ్చిదానా." కుడిచేతి మణికట్టు పట్టుకుని బల్ల దగ్గరికి ఈడ్చాడు. బల్ల చివర నాన్ననాటి ప్రెస్సు ఉంది. రెండు ఇనప పలకలు, పైన బండిచక్రమంత పిడిచక్రం. కొత్తగా కుట్టిన పుస్తకాలను ఆ పలకల మధ్య పెట్టి బిగిస్తారు. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆ చక్రానికి చెరోవైపు వేలాడి తిప్పేవాళ్ళు. ఇప్పుడు అన్నయ్య ఒక్కడే తిప్పాడు. పలకల మధ్య చెల్లెలి చెయ్యి ఉంది.

"మానేస్తానని చెప్పు."

ఇనుము చల్లగా తగిలింది. తర్వాత బరువుగా తగిలింది.

"అన్నయ్యా, అది పనిచేసే చెయ్యి..."

"చెప్పు!" పావు చుట్టు.

మెటికలన్నీ ఒకదాని మీదికొకటి ఎక్కాయి. గోళ్ళ కింద మంట లేచి మోచేతి దాకా పాకింది. తాళాలాయన "అయ్యగారూ, చాలేమో" అన్నాడు గానీ, తనకే వినపడనంత మెల్లగా అన్నాడు. నొప్పి వస్తే పారిపోకండి, దాని దగ్గరికే ఊపిరి పంపండి అంటుంది టీచరమ్మ. టీచరమ్మకు ఇనప ప్రెస్సు సంగతి తెలియదు. అయినా చేతిలో ఉన్న విద్య అదొక్కటే. బైండరమ్మ నాలుగు అంకెలు లెక్కపెట్టి ఊపిరి తీసింది. ఆరు అంకెలు లెక్కపెట్టి వదలబోయింది. ఆ వదిలే ఊపిరి మీద, ఎవరూ పిలవకుండానే, నూట పన్నెండో పాట బయటికి వచ్చింది.

"జారిన నా చేయి... వదలని చేయీ..."

ముప్ఫై ఏళ్ళు పాడిన పాటే. ఆ రోజు ఎవరూ లేరనిపించిన మనసులోని గదిలోంచే వచ్చింది. గది ఖాళీగా ఉండబట్టే గాబోలు, ఇంత చిన్న గొంతుకు కూడా అంత పెద్దగా మోగింది.

"ఎవర్ని పిలుస్తున్నావే?" అన్నయ్య అరిచాడు. 

"నీకు తెలిసినవాణ్ణే."

అన్నయ్య కళ్ళు మూసుకుని అర చుట్టు తిప్పాడు. ఎండిన జిగురు వెన్ను విరిచినప్పుడు ఫట్‌మంటుందే, అలాంటి చప్పుడు రెండుసార్లు వినపడింది. పాట అరుపుగా మారింది.

"వద్దు."

ఆ మాట అన్నదెవరో ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆ గొంతులో ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు మరి. చూద్దాం లేచి నిలబడ్డాడు. ముఖం సగం రక్తం, చేతిలో పుస్తకాల వెన్నులు గుండ్రంగా కొట్టే చెక్కసుత్తి. "వద్దు బావా," అని ఇంకోసారి మర్యాదగా చెప్పి, మెడకూ భుజానికీ మధ్యన ఒక్కటి కొట్టాడు. అన్నయ్య మోకాళ్ళ మీద కూలి, పోతూ పోతూ బల్ల అంచుకు నోరు కొట్టుకున్నాడు. తెల్లచొక్కా బొత్తాల వెంట ఎర్రగా గీతలు దిగాయి.

తాళాలాయన కెవ్వుమని, మొలలోంచి గుత్తి లాగి విసిరి కొట్టాడు. మందిరం తలుపులన్నిటి తాళంచెవులూ కలిసి చూద్దాం దవడ మీద పడ్డాయి. ఇద్దరూ కలబడ్డారు. కాగితం దొంతరలు కూలాయి, జిగురు గిన్నె దొర్లింది. ఒకరి గొంతు ఒకరు పట్టుకుని దాంట్లోనే పొర్లారు. కాసేపటికి విడిపోదామన్నా వీల్లేకుండా పోయింది. తాళాలాయన జుట్టు చూద్దాం చొక్కాకు అంటుకుపోయింది.

బైండరమ్మ ఎడంచేత్తో చక్రం వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీసుకుంది. చిటికెనవేలూ పక్కవేలూ వాటికి ఇష్టమొచ్చిన దిక్కు చూస్తున్నాయి. వాటికేసి ఒక్కసారి చూసి, ఇంక చూడదల్చుకోలేదు.

"ఆపండి," అంది. "ఎవరూ చావక్కర్లేదు. పుస్తకం విప్పుదాం. ఫారం మారిందో, కావాలనే పెట్టామో దారమే చెప్తుంది. మా ఆయన కుట్టింది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో అన్నయ్యకూ తెలుసు."

కింద కూర్చున్న అన్నయ్య నోటినుంచి పంటిముక్క ఊసి, విప్పమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ కత్తి ఎడంచేత్తో తీసుకుని, పుస్తకాన్ని మోకాలితో అదిమిపెట్టి, వెన్ను మీది గుడ్డ పైనుంచి కిందికి చీల్చింది. ఫారాల వెన్నులు బయటపడ్డాయి. ప్రతి ఫారం చివరా ముడి. చూద్దాం ముడులు ఆయనలాగే ఉంటాయి, బుద్ధిగా, అన్నీ కుడివైపుకి ఒరిగి.

ఏడో ఫారం ముడి ఎడమకి ఒరిగింది.

దాని దారం కూడా వేరే. పక్క ఫారాల కుట్టు చెదరకుండా, ఉన్న రంధ్రాల్లోంచే కొత్త దారం దూర్చి, పాట ఫారం తీసి ఆసనాల ఫారం అతి జాగ్రత్తగా కుట్టిన చెయ్యి అది. షాపు చెయ్యి కాదు. కానీ ఈ షాపులోనే నేర్చిన చెయ్యి. ఇరవయ్యేళ్ళ కిందట కోడలై వచ్చిన పిల్లకు నాన్న సరదాగా కుట్టు నేర్పితే, ఆ పిల్ల ఎడంచేతివాటం కావడంతో ముడులన్నీ తిరగబడి పడేవి. "అద్దంలో కుట్టినట్టుందమ్మా నీ కుట్టు" అని నాన్న మురిసిపోయేవాడు.

వదిన.

బైండరమ్మ చూపు ఫారం లోపలికి జారింది. చేతులు పైకెత్తే ఆసనం బొమ్మ పక్కన పెన్సిలుతో చిన్న చిన్న గీతలు, ఒక్కో గీత పక్కన ఒక్కో తేదీ. 'ఛాతీ దాకా.' 'భుజం దాకా.' 'చెవి దాకా, ఏడవలేదు.'

పోయిన నెలలో వదిన వచ్చి, అల్మరా అరల్లో పరచడానికని పాడైన ఫారాలు నాలుగు పట్టుకెళ్ళింది. బొత్తాలు కుట్టుకోవాలని మూరెడు దారం కూడా అడిగింది. అంతకు రెండు నెలల ముందు మెట్ల మీంచి పడి భుజం జారగొట్టుకుంది. అన్నయ్య ఇంటికి ఉన్నవి మొత్తం మూడు మెట్లు. మూడు మెట్ల మీంచి పడి భుజం జారడమేమిటి వదినా అని తను నవ్వింది కూడా. వదిన కూడా నవ్వింది.

ఆ మెట్లు ఎలా ఉంటాయో ఇప్పుడు బైండరమ్మ రెండు వేళ్ళకూ బాగా తెలుసు.

ఈ ఫారం దాచడానికి, చెయ్యి చేసుకునే మనిషి ఎప్పటికీ తెరవని చోటు ఏదని వెతికి ఉంటుంది వదిన. పెట్టె తెరుస్తాడు, అల్మరా తెరుస్తాడు. పెళ్ళాం పాటల పుస్తకం తెరవడు, ఆయనకు వేరే ఉంది. ఆ లెక్క నిజమే అయ్యేది, ఇవాళ ఒక్కరోజు ఆయన తనది మర్చిపోకుండా ఉంటే.

ఒక్క మాట చాలు. ఇది మా కుట్టు కాదన్నయ్యా అంటే చాలు. పేరు నాన్న రాసిన పేజీలోనే ఉంటుంది, ఎడమనుంచి మూడో చోటు తనదే అవుతుంది, పన్నెండుకి రెండొందల మంది ముందు అన్నయ్యే తలదించుకుంటాడు. తర్వాత ఇంటికి వెళతాడు. ఆ మూడు మెట్లూ ఎక్కి తలుపేసుకుంటాడు.

బైండరమ్మ నాలుగు అంకెలు లెక్కపెట్టి ఊపిరి తీసింది. పుస్తకం మూసింది.

"పొరపాటు కాదు. నేనే కుట్టాను," అంది. "పద. పన్నెండుకి వచ్చి నువ్వు చెప్పమన్నవన్నీ చెప్తాను."

జిగురులోంచి చూద్దాం తలెత్తాడు. పెళ్ళాం ముఖం చూశాడు, మూసిన పుస్తకం చూశాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్నది ఎప్పుడు నోరు మూసుకోవాలో. మూసుకున్నాడు.

అన్నయ్య లేచాడు. కావలసింది దొరికిన మనిషిలా లేడు. ఎర్రబడ్డ పళ్ళతో, చాలా నిదానంగా, "ఇటివ్వు," అన్నాడు.

"ఒప్పుకున్నానుగా అన్నయ్యా. ఇంకెందుకూ..."

ఆయన పుస్తకం లాక్కున్నాడు. చీలిన వెన్ను మీద బొటనవేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుకుంటూ వచ్చాడు. మందిరానికి పెద్ద అయి పదిహేనేళ్ళయింది గానీ, ఆ వేలు ఇంకా బైండరు కొడుకుదే. ఒకటి, రెండు, మూడు. నాలుగు, అయిదు, ఆరు. ఏడో ముడి దగ్గర ఆగింది.

గుమ్మంలోంచి చూస్తే, ముందుగదిలో బయటి ఎండ వెలుగు షట్టరు కిందనుంచి సగం దాకా పడి ఉంది. ఆ వెలుగులో రెండు చెప్పులు నిలబడి ఉండటం బైండరమ్మ చూసింది. గోధుమరంగు ఆడచెప్పులు. తెగిన పట్టీని తెల్లటి బైండింగు దారంతో కుట్టుకున్నారు. ఆ ముడి కూడా ఎడమకే ఒరిగింది. ఎప్పట్నుంచి ఉన్నాయో ఆ చెప్పులు! అన్నయ్య వీపు అటువైపుంది.

"ఏ చేత్తో కుట్టావే?" అన్నాడు అన్నయ్య, తల ఎత్తకుండా.

"ఎడంచేత్తో."

"నీకెప్పుడొచ్చింది ఎడంచేతి పని?"

"ఆ కాగితం కట్ట నా మీద పడ్డాక కుడిచెయ్యి తిమ్మిరెక్కిపోయేది. అప్పట్నుంచీ అలవాటైంది."

"అలాగా." బల్ల మీది సూది తీసి, తనే దారం ఎక్కించాడు. ఒక్క ప్రయత్నంలోనే ఎక్కింది. నేల మీంచి ఒక ఫారం ఏరి ఆవిడ ముందు పడేశాడు. రెండో చేత్తో కత్తి అందుకున్నాడు. "అయితే కుట్టు. నేను చూస్తా."

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఈ పూట దాకా ఎడంచేత్తో చెంచా కూడా పట్టలేదు బైండరమ్మ. సూది అందుకుంది. కుడిచెయ్యి ఒళ్ళో చచ్చిన పిట్టలా పడి ఉంది. నాలుగు అంకెలు లెక్కపెట్టి ఊపిరి తీసింది. ఒకటి, రెండు, మూడు...

షట్టరు కింద చెప్పులు ఒక అడుగు ముందుకు వేశాయి. సగం దగ్గర మొరాయించిన ఆ షట్టరుకు, సరిగ్గా కింద కుడిమూల, బయటినుంచి ఒక తన్ను పడింది.